గవర్నరు దొర కప్పుకున్న చాప

రేవు వీధి,
మోతుసాగా దీవి,
1896 ఆగస్టు 14.

నా చేతుల మీద పెరిగిన హెట్టీకి,

నీ ఆయా ఫియాలా దీవించి రాయడం ఏమంటే, ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ, మీ బాబాయిగారి ఇంట్లో వాళ్లూ క్షేమమని తలుస్తాను. మా అమ్మ మాతలేనాకు చూపు ఆనడం లేదు గాని నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు. పోయిన నెల గాలివానకు వంటపాక ఎగిరిపోతే మళ్లీ వేసుకున్నాం. ఈ ఏడు సీమపనస విరగకాసింది.

నీ ఉత్తరం ఈసారి స్టీమరులో అందింది. మీ నాన్నగారు పోయిన సంగతి అందులోనే తెలిసింది. నిద్రలో, బాధ లేకుండా వెళ్లిపోయారని రాశావు. ఆ మాట అమ్మకు చదివి చెప్పాను. విని, "అక్కడ ఆయనకి మంచం సరిపోయేదా? ఇక్కడ కాళ్లు బయటికి వచ్చేసేవి" అంది. అంత పొడుగు మనిషి మరి. మేమంతా ఆయన్ని వెనకాల పొడుగు దొర అనే పిలిచేవాళ్లం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇక నువ్వు అడిగిన దానికి వస్తాను. మీ నాన్నగారి రెజిమెంటు వాళ్లు తమ చర్చి గోడ మీద పెద్ద పెద్ద అధికారుల పేర్లు ఇత్తడి పలక మీద చెక్కిస్తున్నారట. కల్నల్ ఆంబ్రోస్ కెండ్రిక్ పేరు కూడా ఎక్కాలంటే ఒక మచ్చ అడ్డం వస్తోందట. గవర్నరుగా ఉండి, దీవి జనం ముందు తలమీద చాప కప్పుకుని బురదలో కూచున్నాడని. అందుకని మీ బాబాయి రూపర్ట్ దొర ఒక కాగితం సిద్ధం చేశాడట. "మా నాన్న ఎన్నడూ అలా కూచోలేదు, అది గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు" అని నువ్వు సంతకం పెడితే పేరు ఎక్కుతుంది. పెట్టకపోతే ఎక్కదు. తిరుగు టపాలో నిజం చెప్పమన్నావు. పుకారే అయితే నిశ్చింతగా సంతకం పెడతానన్నావు. నిజమే అయితే తండ్రి పిరికివాడన్న సంగతి ఎలా భరించాలో తెలియడం లేదన్నావు.

ఆ మాట చదివితే నాకు ఒళ్లు మండిపోయింది, హెట్టీ. ఉత్తరం అవతల పడేసి చేమదుంపలు ముందేసుకుని చెక్కు తీస్తూ కూచున్నాను. ఇంటికి కావలసిన దానికంటే ఎక్కువే తీశాను. అందుకే అప్పుడు రాయకుండా ఇవాళ రాస్తున్నాను.

ఒక్క ముక్కలో చెప్పమంటే, కూచున్నారు. నా కళ్లతో చూశాను. అది పిరికితనమా కాదా అన్నది, ఆయన ఇక్కడికి ఎలాంటి మనిషిగా వచ్చారో తెలిస్తే నీకే బోధపడుతుంది.

ఆయన ఒక పల్లెటూరి పాదిరీగారి కొడుకు. మీసం మొలవకముందే సైన్యంలో చేరిపోయారు. క్రిమియా మంచులో ఒక కాలు చెడింది. మోకాలు పూర్తిగా మడతపడేది కాదు. తర్వాత హిందూదేశంలో ఏళ్ల తరబడి ఉన్నారు. కల్నల్ అయ్యే నాటికి యుద్ధాలు అయిపోయాయి, కల్నల్లు మాత్రం మిగిలిపోయారు. అందరూ వద్దన్న దీవి ఒకటి ఉంది, గవర్నరుగా పోతావా అని పైవాళ్లు అడిగారట. మీ అమ్మకు అక్కడి చలి పడదు. సరేనన్నారు. ఇవన్నీ మీ అమ్మే నాకు చెప్పింది, నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించే రోజుల్లో.

దిగీ దిగగానే దీవిని రెజిమెంటు చేద్దామనుకున్నారు. మొదటి వారంలో మా పెద్దలందరినీ బంగళా ముందు పొడుగును బట్టి వరసలో నిలబెట్టారు. మా దీవి పెద్ద తుయిలాంగి పొట్టివాడు. వరస చివరికి పోయాడు. పెద్దలంతా నోళ్లు నొక్కుకున్నారు. తుయిలాంగి మాత్రం నవ్వి, "దొరా, నన్ను కింద నుంచి పైకి కొలవకు. వెనక మా తాతల దగ్గర నుంచి కొలుచుకుంటూ రా, సాయంత్రం దాకా పడుతుంది నీకు" అన్నాడు. ఇక్కడి పాదిరీగారి ఇంట్లో పనిచేసి నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నాను గనక ఆ మాట ఇంగ్లీషులో చెప్పే పని నాకు పడింది. చెప్పాను. దొర చెవులు ఎర్రబడ్డాయి. అయినా వరస మార్చలేదు.

కొబ్బరి మొక్కలు తాడు పట్టి వరసగా నాటించారు. మా అమ్మ వచ్చి చూసి, "ఇవి ఎక్కడికైనా నడిచి వెళ్లాలా ఏంటి?" అని అడిగింది. దారి పొడుగునా రాళ్లు పెట్టించి సున్నం వేయించారు. తెల్లారేసరికి సున్నమంతా మాయం. మా కుర్రకారు గోకి తీసుకుపోయి తలకు పట్టించుకున్నారు, జుట్టు ఎర్రబడుతుందని. దొర మళ్లీ వేయించారు. వీళ్లు మళ్లీ గోకారు. చివరికి దొరే విసిగి, ఒక పీపాడు సున్నం రేవులో పెట్టించి, జుట్టుకి కావలసినవాళ్లు ఇందులోంచి తీసుకోండని చాటింపు వేయించారు. ఆయన మీద మాకు మొదటిసారి ఇష్టం కలిగింది అప్పుడే.

ఆ తర్వాత ఒకసారి, తోటల్లో కూలికని మాయమాటలు చెప్పి మనుషుల్ని ఎత్తుకుపోయే ఓడ వచ్చింది. దాని కప్తాను కూడా ఇంగ్లీషువాడే. దొర ఆ కుంటికాలితో రేవు చివరికి నడుచుకుంటూ పోయి, పిస్తోలు పట్టుకుని ఒక్కరే నిలబడ్డారు. "ఈ దీవి మనిషిని ఒక్కణ్ని తాకు, నిన్ను ఇక్కడే పాతిపెట్టిస్తాను" అన్నారు. ఆ ఓడ నీళ్లు కూడా పట్టుకోకుండా పోయింది. ఈ సంగతి మీ రెజిమెంటు వాళ్లకు తెలుసో లేదో. నువ్వు పుట్టింది ఆ మరుసటి ఏడు. మా ఆడవాళ్లంతా కూడి మీ అమ్మకు మొగలి ఆకు చాప ఒకటి ఇచ్చారు. పట్టులాగా మెత్తగా ఉంటుంది, అల్లడానికి ఏళ్లు పడుతుంది. అలాంటిది బయటివాళ్లకు ఇవ్వడం అదే మొదలు. నీకు రెండేళ్లు నిండకుండానే మీ అమ్మ జ్వరంతో పోయింది. అప్పుడు దొర గది తలుపు వేసుకుంటే తీయించింది మా అమ్మే. నీ ఏడుపు వినపడేలా నిన్ను తెచ్చి గుమ్మంలో కూచోబెట్టి తను పక్కకి తప్పుకుంది.

ఇక ఆ చెడ్డరోజు గురించి రాయాలి.

చేపల కాలంలో పడిన తొలి చేపను పదిమంది నడిచే దారిలో మోసుకుపోకూడదు. సముద్రం నుంచి నేరుగా దీవి పెద్ద ఇంటికి చేరాలి. తాతల నాటి నుంచీ అది తుయిలాంగి ఇంటికే వెళ్లేది. ఆయన ఇల్లు ఇసుక ఒడ్డునే గనక ఇబ్బంది లేదు. దొర వచ్చాక, ఇక ఈ దీవికి పెద్దను నేనే కాబట్టి తొలి చేప నా బంగళాకే రావాలని హుకుం వేశారు. బంగళా ఏమో గుట్ట మీద ఉంది. సముద్రం వైపంతా నల్లరాళ్లు, వాటి పైన గోడ, గోడ మీద మధ్యాహ్నం వేళ చెప్పే ఫిరంగి. ఆ వేళకు గోడ కింద ఎవరూ ఉండకూడదని ఇంకో హుకుం. ఈ రెండు హుకుములూ ఎప్పుడో ఒకదానికొకటి అడ్డం పడతాయని ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

ఆ ఏడు తొలి చేప మా అన్న తావితా పడవకు పడింది. మధ్యాహ్నానికి ఇంకా వేళ ఉందని సూర్యుణ్ని చూసుకునే రాళ్లెక్కాడు. చేపను భుజాన వేసుకుని గోడ దాకా వచ్చాడు. ఫిరంగి వేళ కాకుండానే పేలింది. అందులో గుండు లేదు, వట్టి మందూ గుడ్డముద్దా. అంత దగ్గరలో అదే చాలింది. మా అన్న రాళ్ల మీద పడ్డాడు, మళ్లీ లేవలేదు.

ఆ ఫిరంగిని చూసే ముసలి సిపాయి కార్పొరల్ పాస్కో నీకు గుర్తున్నాడా? నా గడియారం తప్పు నడిచింది, నేనే పేల్చానని అతను అందరి ముందూ ఒప్పుకున్నాడు. దొర అతణ్ని ఆ రోజే ఒక వర్తకుల పడవ ఎక్కించి దీవి దాటించేశారు. ఉంటే మావాళ్లు బతకనిచ్చేవారు కారు.

దొర మొదట తన పద్ధతిలోనే వెళ్లారు. బల్ల వేసి విచారణ పెట్టారు. మా ఇంటికి గుడ్డల మూటలు, బిస్కెట్ల పీపాలు పంపారు. అమ్మ వాటిని గుమ్మం దాటనివ్వలేదు. "ఆ బిస్కెట్లు ఆయన్నే కొరుక్కోమను. నా కొడుకు పేరు మాత్రం ఎత్తొద్దని చెప్పు" అంది. మా మేనమామ ఓలో అప్పటికే దుడ్డుకర్రకు కొబ్బరినూనె పట్టిస్తున్నాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ దిగారు. ఒక్క తెల్లమనిషి మీద దెబ్బ పడిందంటే యుద్ధపు ఓడ వచ్చి ఊళ్లన్నీ తగలబెడుతుంది. పక్క దీవిలో అలాగే అయింది. ఈ దీవుల చుట్టూ తిరిగే ఆ యుద్ధపు ఓడ కూడా ఆ రోజుల్లోనే రావలసి ఉంది.

అన్నను పూడ్చి వచ్చిన సాయంత్రం నేను బంగళాకు వెళ్లాను. దొర వరండాలో నిలబడి ఉన్నారు.

"ఫియాలా, మీవాళ్లకి ఏం కావాలి?" అని అడిగారు.

"చాప కావాలి దొరా" అన్నాను.

మా పద్ధతి చెప్పాను. చావుకు కారణమైన ఇంటి పెద్ద తెల్లవారకముందే చనిపోయినవాడి వాకిట్లోకి రావాలి. మమ్మల్ని మీరు కాల్చుకుతిన్నా సరే అన్నట్టు కట్టెలు మోసుకురావాలి. తమ ఇంట్లో ఉన్న అన్నిటికంటే మంచి చాప తలమీదుగా కప్పుకుని, మాట్లాడకుండా కూచోవాలి. ఆ ఇంటివాళ్లు చాప ఎత్తితే పగ తీరినట్టు. ఎత్తకపోతే దుడ్డుకర్ర పడుతుంది. అడిగేవాడు ఉండడు.

"నేను రాణిగారి మనిషిని. రాణిగారి మనిషి ఎవరి వాకిట్లోనూ కూచోడు" అన్నారు.

"మీ ఇష్టం. రేపు మా ఓలో మామయ్య వస్తాడు, ఆ మాట ఆయనకే చెప్పుకోండి" అన్నాను.

"నీకు నా మీద కోపం లేదా?" అన్నారు.

"ఎందుకు లేదు? ఉంది. ఉన్నా కూడా చెప్పాల్సింది చెప్తున్నాను."

"యూనిఫాం వేసుకుని రావచ్చా?" అని అడిగారు.

"రావచ్చు. చాప కింద ఎవరికీ కనపడదు" అన్నాను.

పతకాలన్నీ విప్పి బల్లమీద పెట్టారు. కత్తి కూడా పెట్టారు. చొక్కాతో వచ్చారు.

ఆ తెల్లవారుజామున చినుకులు పడుతున్నాయి. నేను మా అమ్మ పక్కన, ఇంట్లోనే ఉన్నాను. వెలుగు వచ్చేసరికి వాకిట్లో కట్టెల మోపు, దాని పక్కన మీ అమ్మకు ఇచ్చిన ఆ మొగలి చాప కుప్పలా కనపడ్డాయి. మోకాలు మడవలేని మనిషి బురదలో ఎలా కూచున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మామయ్య దుడ్డుకర్ర పట్టుకుని చుట్టూ తిరిగాడు. "పొడుగు దొరా, ఇప్పుడు కొలుచుకో ఎవరు పొడుగో" అని అరిచాడు. చాప పక్కనే నేలమీద కొట్టాడు. చాప కదలలేదు. మా అమ్మ గుమ్మం దగ్గర కూచుని చూస్తూనే ఉంది. పొద్దు పైకి వచ్చింది. వాన వెలిసింది. అప్పుడు లేచింది. నడుచుకుంటూ వెళ్లి చాప అంచు పట్టుకుని ఎత్తి చూసింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత చాప మొత్తం లాగేసి, మామయ్యతో ఇక ఇంటికి పొమ్మంది.

యుద్ధపు ఓడ ఆ పొద్దున్నే రేవులోకి వచ్చి లంగరు వేసింది. దాని కప్తాను దుర్భిణిలో చూశాడు. తెల్లవాడొకడు చాప కిందనుంచి బయటపడి ఒక దీవి ముసలిదాని ముందు మోకాళ్ల మీద ఉన్నాడని రాసి పంపాడు. ఎందుకు చేశావని పైనుంచి అడిగారు. "ఇది ఈ దీవి పద్ధతి. అవసరమని నాకు తోచింది" అని దొర జవాబు రాశారు. అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. కొలువు పోయింది. నిన్ను తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఏ కొలువూ ఇవ్వలేదని నీ ఉత్తరాల్లోనే తెలిసింది.

ఆ తర్వాత ఈ దీవిలో ఒక్క ఊరు కాలలేదు. ఒక్క మనిషి పోలేదు. నెత్తిమీద దుడ్డుకర్ర తిరుగుతుంటే, కంటికి ఏమీ కనపడకుండా, చేతిలో ఏ ఆయుధమూ లేకుండా కూచున్న మనిషిని పిరికివాడంటావా? నీ రూపర్ట్ బాబాయిని ఒక పూట అలా కూచోమను, చూద్దాం. నాకు దుఃఖం వస్తోంది హెట్టీ, ఆయన పోయినందుకు కొంత, నువ్వు ఆ మాట రాసినందుకు కొంత.

సంతకం సంగతి నీ ఇష్టం. గోడ మీద పేరు ఉంటే నాకూ సంతోషమే. పెట్టినా మేమేమీ అనుకోము. ఒంట్లో జాగ్రత్త. చలిలో తిరగకు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని తిప్పిన
ఫియాలా

తా.క. ఎండుకొబ్బరి ఎక్కించడం పూర్తికాక స్టీమరు ఇంకో రోజు ఆగింది. ఉత్తరం పైకి చదవమని అమ్మ కూచుంది. చదివాను. "పిల్ల సంగతి ఏది?" అంది. రాయలేదన్నాను. దొర చెప్పొద్దన్నారు కదా అన్నాను. "దొర పోయాడుగా. ఈ ముక్క మింగేస్తే మిగతాదంతా ఎందుకు రాసినట్టు? రాయి" అని కూకలేసింది. నా పక్కనే కూచుంది, తప్పించుకునే దారి లేదు. అందుకని రాస్తున్నాను. ముందు కుర్చీలో కూచో.

ఫిరంగి పేల్చింది పాస్కో కాదు. అతను మందు దట్టించి, గడియారం చూడడానికి లోపలికి వెళ్లాడు. ఫిరంగి పేల్చే తాడు లాగింది నువ్వు. నీకప్పుడు ఐదేళ్లు. రాణిగారి పుట్టినరోజున మీ నాన్న నీ చేతి మీద చెయ్యి వేసి ఒకసారి లాగనిచ్చారు. అది నీకు ఆట. కింద మనిషి ఉన్నాడని నీకు ఎలా తెలుస్తుంది? నీ ఎడమ చెవి జ్వరానికి పోలేదు తల్లీ, ఆ చప్పుడుకు పోయింది. పాస్కో తప్పు తన మీద వేసుకున్నది నీకోసమే. అలా చెప్పమని అతనికి ఎవరూ చెప్పలేదు, తనంతట తానే అన్నాడు.

చాప కింద ఇంటి పెద్ద ఒక్కరూ ఉంటే చాలదు. తప్పు ఎవరి చేతిమీదుగా జరిగిందో వాళ్లు కూడా ఉండాలి. లేకపోతే ఎవరూ ఆ చాప ఎత్తరు. ఆ సాయంత్రం దొరకు నేను అది కూడా చెప్పాను. ముందు వల్ల కాదన్నారు. నన్ను తిట్టారు. తెల్లవారుజామున, నిద్రపోతున్న నిన్ను ఒక భుజాన, కట్టెలు ఇంకో భుజాన వేసుకుని వచ్చారు. చాప కింద ఆయన ఒళ్లో నువ్వున్నావు. మామయ్య కర్ర ఎత్తినప్పుడల్లా ఆయన నీ మీదికి వంగారు. అమ్మ చాప అంచు ఎత్తి చూసింది నిన్నే. నీకు మెలకువ వచ్చి, మా భాషలోనే, "అవ్వా, ఆకలేస్తోంది" అన్నావు. అమ్మ నిన్ను ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. కొడుకు చావుకు వండిన దుంపలు తన చేత్తో నీకు పెట్టింది. దుర్భిణి పెట్టుకున్న కప్తానుకు అమ్మ వీపు అడ్డమొచ్చి ఇదేమీ కనపడలేదు. వాకిట్లో ఉన్నవాళ్లందరూ చూశారు. చాప ఎత్తాక ఆ తప్పు ఊసు ఎవరూ ఎత్తకూడదు గనక నీ చెవిదాకా రానివ్వలేదు.

మొదట్లో నాకు నీ తల దువ్వడానికి చేతులు వచ్చేవి కావు. ముందు కూచోబెట్టుకుని లేచి వెళ్లిపోయేదాన్ని. తర్వాత్తర్వాత సర్దుకున్నాను. ఇది మాత్రం రాయమని అమ్మ అనలేదు, నేనే రాస్తున్నాను.

పైవాళ్లకు రాసిన జవాబులో "నా కూతురు" అన్న మాట ఒక్కటి ఉంటే ఆయన కొలువు నిలిచేదని ఇక్కడి పాదిరీగారు కూడా చెప్పారు. నీ పేరు కాగితం మీదికి రానివ్వనన్నారు దొర. కాబట్టి రేపు మీ బాబాయి ఆ కాగితం నీ ముందు పెట్టినప్పుడు, ఆ చాప కింద నువ్వూ ఉన్నావని తెలిసే సంతకం పెట్టు, లేదా మానెయ్యి.

అమ్మ ఇంకొకటి రాయమంటోంది. ఆ రోజు నుంచి మా లెక్కలో నువ్వు తావితా చోట ఉన్నావు, మీ నాన్న మా ఇంటి మనిషి. అందుకని నీ ఉత్తరం వచ్చిన మర్నాడు మేమందరం జుట్టు కత్తిరించుకున్నాం. నువ్వూ కత్తిరించుకున్నావా అని అడుగుతోంది.